400ఈఎక్స్: చోక్ తీస్తే ఆగిపోతోంది, వేడెక్కితే మళ్లీ స్టార్ట్ అవట్లేదు

డాలస్_కుర్రోడు
అన్నలూ, కొంచెం సాయం కావాలి. ఈ మధ్యే ఇక్కడ డాలస్ దగ్గర ఒకాయన దగ్గర 2006 మోడల్ హోండా టీఆర్‌ఎక్స్400ఈఎక్స్ కొన్నాను, ఇసుకలో, మట్టిలో తిప్పే నాలుగు చక్రాల క్వాడ్ (ఏటీవీ). చూడ్డానికి బాగానే ఉంది, ప్లాస్టిక్ ఎక్కడా పగల్లేదు, టైర్లు కొత్తవే. కాకపోతే ఆయన ఏడాదికి పైగా షెడ్డులో నడపకుండా పెట్టేశాడట, ట్యాంకులో పాత పెట్రోల్ అలాగే ఉంది. ఇప్పుడు బండి ఏం చేస్తోందంటే, చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగితే సెల్ఫ్‌కి వెంటనే అందుకుంటుంది, చోక్ తీశానంటే ఆగిపోతుంది. చోక్ సగంలో ఉంచి నడిపితే నడుస్తుంది. థ్రాటిల్ కొద్దిగా నొక్కితే మిస్సింగ్ కొడుతుంది, పూర్తిగా నొక్కితే మాత్రం బ్రహ్మాండంగా లాగుతుంది. వదిలేసినప్పుడు సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. ఇంకోటి, కాసేపు గట్టిగా నడిపి ఆపితే మళ్లీ స్టార్ట్ అవదు, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది కానీ ఇంజిన్ అందుకోదు. పూర్తిగా చల్లారాక అవుతుంది.

పాత ఓనరు ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీసేసి వేరే సైలెన్సర్ పెట్టాడు. నిన్న పొద్దున ఆయిల్ చూస్తే డిప్‌స్టిక్‌కి (ఆయిల్ కొలిచే కడ్డీకి) చుక్క కూడా అంటలేదు, అందుకని ఒక డబ్బా తెచ్చి పెట్టుకున్నా. పోసేయనా? ఫ్రెండ్స్ అందరం ఓక్లహోమాలో వేనోకా దగ్గరున్న లిటిల్ సహారా ఇసుక దిబ్బలకి వెళ్దామనుకుంటున్నాం. వాళ్లవి యమహా క్వాడ్‌లు, వైఎఫ్‌జెడ్450లు, ఒక రాప్టర్ 700. నాది దారిలో ఆగిపోతే పరువు పోతుంది.

జెట్_కిట్
ఎయిర్‌బాక్స్ మూత లేదు, సైలెన్సర్ మార్చారు అన్నావు కదా, ఇంక వెతికేదేముంది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. జెట్ కిట్ ఆర్డర్ పెట్టేయ్, జెట్లంటే కార్బరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు. మెయిన్ జెట్ రెండు సైజులు పెంచు, నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దింపు, అయిపోతుంది. నా బండికి అలాగే చేశా.

షార్జా_మేస్త్రీ
తమ్ముడూ, ముందు ఆ ఆయిల్ డబ్బా పక్కన పెట్టు. పొయ్యకు.

ఈ బండిలో ఆయిల్ మామూలు మోటర్‌సైకిల్లో లాగా ఇంజిన్ అడుగున ఉండదు, విడిగా ఒక ట్యాంకు ఉంటుంది. బండి రోజుల తరబడి నిలబడితే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది. పొద్దున్నే చల్లటి బండిలో డిప్‌స్టిక్ ముంచితే ఖాళీ అనే చూపిస్తుంది. నువ్వు నిజమనుకుని పోస్తావు, ఇంజిన్ స్టార్ట్ కాగానే కిందున్నదంతా పంపు పైకి తోసేస్తుంది, ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపులోంచి ఎయిర్‌బాక్స్‌లోకి వచ్చి ఫిల్టర్ నానిపోతుంది, పొగ మొదలవుతుంది. అప్పుడు పిస్టన్ రింగులు పోయాయని ఎవడో చెప్తాడు, నువ్వు ఇంజిన్ విప్పుతావు. నా దగ్గరికి అలా సగం విప్పి తెచ్చిన బండ్లు చాలా వచ్చాయి.

కొన్ని నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడు. బండి చదునైన చోట ఉండాలి. అప్పుడు ఎంత ఉందో చెప్పు. అలాగే ఆ ఆయిల్ వాసన చూడు. ఇది మర్చిపోకు.

ఇక జెట్ల సంగతి. పైన తమ్ముడు చెప్పింది తొందరపాటు. కార్బరేటర్‌లో ఒక్కో జెట్‌కి ఒక్కో పని. స్లోలోనూ, థ్రాటిల్ కొంచెం తెరిచేదాకానూ పైలట్ జెట్‌దే రాజ్యం. మధ్యలో నీడిల్. పూర్తిగా తెరిస్తే మెయిన్ జెట్. పూర్తిగా నొక్కితే బాగా లాగుతోందని నువ్వే రాశావు. అంటే మెయిన్ జెట్‌తో నీకు పేచీ లేదు. చోక్ వేస్తేనే నడుస్తోందంటే స్లోలో పెట్రోల్ అందడం లేదు, లేదా ఎక్కడో దొంగగాలి లాగుతోంది. పాత పెట్రోల్‌తో ఏడాది నిలబడ్డ బండిలో పైలట్ జెట్ మూసుకోకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, మూసుకుంటే కాదు. దాని రంధ్రం వెంట్రుకంత ఉంటుంది.

పాతబండి_బాబాయ్
మేస్త్రీ చెప్పిందే నా మాట కూడా. ఒకటి కలుపుతా. నువ్వు రాసినవి ఒక రోగం లక్షణాలు కావు, రెండు రోగాలవి. చోక్ గొడవ, టపటపలు కార్బరేటర్‌వి. వేడి మీద స్టార్ట్ కాకపోవడం మాత్రం నాకు ట్యాపెట్ల మీద, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు మీద అనుమానం. ట్యాపెట్లు బిగుసుకుపోతే, ఇంజిన్ వేడెక్కినప్పుడు ఉన్న కాస్త సందూ పోయి వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ జారిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. ఈ లక్షణం సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ బండ్లన్నిటిలోనూ ఉండేదే, మీ ఫ్రెండ్స్ వైఎఫ్‌జెడ్‌లకి కూడా వస్తుంది, కాకపోతే అందులో ఐదు వాల్వులు, షిమ్‌లు (పల్చటి బిళ్లలు) మార్చుకోవాలి. నీది అదృష్టం, స్క్రూ, లాక్‌నట్ అంతే. ఆదివారం పూట ఇంట్లోనే చేసుకునే పని.

నేను ఫీనిక్స్ వచ్చిన కొత్తలో కొన్నది ఈ 400ఈఎక్సే. 1999లో వచ్చిన మోడల్, 397 సీసీ, గాలితో చల్లబడే ఇంజిన్, రేడియేటర్ లేదు, నీళ్ల పంపు లేదు. 2005 నుంచి రివర్స్ గేరు కూడా పెట్టారు కాబట్టి నీదాంట్లో ఉండాలి. రేసుల్లో వైఎఫ్‌జెడ్‌తో పోటీ పడలేదు గానీ, నిర్లక్ష్యాన్ని ఇంతగా ఓర్చుకునే స్పోర్ట్ క్వాడ్ ఇంకోటి నేను చూడలేదు.

ఒకసారికి ఒకటే మార్చు. మూడు పనులు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు, దేనివల్ల చెడిందో అసలే తెలీదు.

డాలస్_కుర్రోడు
మేస్త్రీ గారూ, మీరు చెప్పినట్టే చేశా. వేడి చేసి చూస్తే డిప్‌స్టిక్ మీద పై గీత కూడా దాటేసి ఉంది! పోసి ఉంటే ఏమయ్యేదో. వాసన చూశా, పెట్రోల్ వాసన కొడుతోంది. ఆయిల్ కూడా నీళ్లలా పల్చగా ఉంది. ఇది ఎలా వచ్చింది?

షార్జా_మేస్త్రీ
నేను భయపడింది అదే. పెట్రోల్ కాక్ ఆన్‌లోనే వదిలేసి ఉంటాడు. కార్బరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ అని ఉంటుంది, బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది అదే. దాని కొన అరిగినా, చెత్త ఇరుక్కున్నా పెట్రోల్ ఆగదు. పొంగి కొంత బయటికి కారుతుంది, కొంత ఇన్‌టేక్‌లోంచి సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగుతుంది.

ఇంక ఆ ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా నడపకు. పెట్రోల్ కలిసిన ఆయిల్‌కి జిడ్డు ఉండదు, క్యామ్ షాఫ్ట్, బిగ్ ఎండ్ బేరింగు తినేస్తుంది. డ్రెయిన్ బోల్టులు రెండు చోట్ల ఉంటాయి, ఇంజిన్ కింద ఒకటి, ఆయిల్ ట్యాంకుది ఒకటి. ఒక్కటే విప్పితే పాతదంతా దిగదు. ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చు, పెట్టేటప్పుడు ముందు స్ప్రింగ్ లోపలికి, తర్వాత ఫిల్టర్. ఫిల్టర్ మీద బయటివైపు అని ఇంగ్లిష్‌లో ముద్ర ఉంటుంది, ఆ ముఖం నీకు కనపడుతూ ఉండాలి. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుంటుంది, ఇంజిన్ పట్టేస్తుంది.

ఆయిల్ మోటర్‌సైకిల్‌దే పోయాలి, డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ అని చూసుకో. కారు ఆయిల్ వద్దు, అందులో మైలేజీ కోసం కలిపే మందులతో క్లచ్ ప్లేట్లు జారతాయి. ఈ బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కదా.

జెట్_కిట్
సరే, మెయిన్ జెట్ మాట వెనక్కి పెడదాం. కానీ మూత తీసేసిన బండికి పైలట్ ఒక సైజు పెంచాల్సిందే అంటా నేను. శుభ్రం చేశాక చూడండి, టపటపలు పూర్తిగా పోవు.

పాతబండి_బాబాయ్
పోకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. సైలెన్సర్ మార్చినవాడు హెడ్ దగ్గర గ్యాస్కెట్ కొత్తది వేశాడో లేదో ముందు చూడాలి. అక్కడ సందు ఉంటే బయటి గాలి లోపలికి పోయి, వదిలేసినప్పుడు అవే టపటపలు వస్తాయి, కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా పోవు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ కొన దగ్గర గుడ్డ కాసేపు అడ్డం పెట్టి వింటే జాయింటు దగ్గర బుస్‌మని తెలిసిపోతుంది.

రాప్టర్_రాజు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇలాంటిదే అనిపించి రాస్తున్నా. హ్యూస్టన్. 2004 రాప్టర్ 660. స్లో బాగుంది, కొంచెం రేస్ చేస్తే చాలు టక్కున కోసినట్టు ఆగి ఆగి కొడుతోంది, అంతకు మించి ఎక్కదు. ప్లగ్గు మార్చా, రెండు కార్బరేటర్లూ విప్పి కడిగా, పెట్రోల్ మార్చా. ఇప్పుడు సీడీఐ (స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె) కొందామనుకుంటున్నా, రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

షార్జా_మేస్త్రీ
రాజూ, సీడీఐ కొనకు. పార్కింగ్ బ్రేకు చూడు.

యమహా స్పోర్ట్ క్వాడ్‌లలో పార్కింగ్ బ్రేకు వేసి ఉంటే ఇంజిన్ పైకి రేస్ కాకుండా స్పార్క్ కోసేసే స్విచ్ ఉంటుంది. బ్రేకు వేసుకుని మర్చిపోయి డిస్కులు కాల్చేసుకోకూడదని పెట్టారు. బ్రేకు తీసే ఉన్నా ఆ స్విచ్ తుప్పు పట్టినా, లివరు దగ్గర మట్టి చేరినా, బ్రేకు వేసే ఉందని సీడీఐ అనుకుంటుంది. నువ్వు చెప్పిన లక్షణం అచ్చంగా అదే, స్లో బాగుండి ఒక చోట గోడ కట్టినట్టు ఆగడం. పెట్రోల్ తక్కువైతే అలా కోసినట్టు ఆగదు, మెల్లగా నీరసపడుతుంది. ముందు స్విచ్ కడిగి, కనెక్టర్ ఊడదీసి లోపల పచ్చగా పట్టిందేమో చూడు. థ్రాటిల్ కేబుల్‌లో లూజు ఎంతుందో కూడా చూడు, అక్కడ కూడా ఇంకో భద్రతా స్విచ్ ఉంటుంది, థ్రాటిల్ ఇరుక్కుంటే ఇంజిన్ ఆపడానికి. కేబుల్ మరీ వదులైతే అదీ ఇలాంటి గోలే చేస్తుంది.

రాప్టర్_రాజు
మేస్త్రీ గారూ, మీ కాళ్లకి దండం. లివరు దగ్గర స్విచ్ కొన లోపలికి పోయి అక్కడే ఇరుక్కుని ఉంది. స్ప్రే కొట్టి నాలుగుసార్లు ఆడిస్తే బయటికొచ్చింది. బండి అరుస్తోంది ఇప్పుడు.

అనంతగిరి_ఏటీవీ
నమస్తే అన్న. మాది వికారాబాద్ దగ్గర, రిసార్టులో పిల్లల కోసం చైనా 110 సీసీ బండ్లు నడుపుతున్నం. మీ లెక్క పెద్ద బండ్లు కావు. మాకు వానాకాలం అయిపోంగనే అన్ని బండ్లకు ఇదే చోక్ గోస. ఏడాదికోసారి కార్బరేటర్లన్నీ కడిగిస్తం, మళ్ల అదే కథ. ఇక్కడ ఇప్పుడు పెట్రోల్ అంతా ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఏం చెయ్యాలె?

షార్జా_మేస్త్రీ
అన్నా, మాది జగిత్యాల. ఇథనాల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, వానాకాలం నిలబెట్టిన బండిలో బౌల్ అడుగున నీళ్లు చేరి తెల్లగా పొరలు కడతాయి. అమెరికాలో తమ్ముడిది ఇ10, నీది దానికి రెట్టింపు. సీజన్ అయిపోగానే పెట్రోల్ కాక్ బంద్ చేసి, బండి తనంతట తాను ఆగిపోయేదాకా నడవనివ్వు, తర్వాత బౌల్ కింద స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా దింపేయ్. ఎండిన కార్బరేటర్‌లో జిగురు పట్టదు. కాక్ లేని బండైతే పైపుకి చిన్న కాక్ ఒకటి వేయించు, పెద్ద ఖర్చు కాదు.

పిల్లల బండ్లు కాబట్టి ఇంకోటి. థ్రాటిల్ డబ్బా మీద చిన్న స్క్రూ ఉంటుంది, అది లోపలికి తిప్పితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు. దాని లాక్‌నట్ అదురుడికి వదులవుతుంది. రోజూ పొద్దున బ్రేకులతో పాటు అదీ చూడమని కుర్రాళ్లకి చెప్పు.

డాలస్_కుర్రోడు
నా సంగతి చెప్తా. పాత పెట్రోల్ దింపేశా, కల్లు కుండ దగ్గర నిలబడ్డట్టు పుల్లటి వాసన. ఆయిల్, ఫిల్టర్ మార్చా, రెండు బోల్టులూ విప్పా. కార్బరేటర్ బయటికి తీయడానికి సగం రోజు పట్టింది, ఎయిర్‌బాక్స్ రబ్బరు మూతి ఎటూ జరగదే! బౌల్ విప్పితే అడుగున ఆకుపచ్చ జిగురు. పైలట్ జెట్ వెలుతురుకి పెట్టి చూస్తే అవతల ఏమీ కనపడలేదు, పూర్తిగా మూసుకుంది. మెయిన్ జెట్ శుభ్రంగానే ఉంది. ఫ్లోట్ నీడిల్ రబ్బరు కొనకి చుట్టూ గాడి పడింది. ఇప్పుడు జెట్ ఎలా తెరవాలి? ఇంట్లో సన్న సూది ఉంది.

పాతబండి_బాబాయ్
సూది ముట్టుకోకు. ఇత్తడి మెత్తన, ఇనుము గట్టి. రంధ్రం కాస్త గీసుకున్నా సైజు మారిపోతుంది, తర్వాత స్లో ఎప్పటికీ కుదరదు. కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున కంప్రెసర్ గాలి కొట్టు. కళ్లద్దాలు పెట్టుకో, ఆ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది. స్ప్రే కొట్టేముందు రబ్బరు ఓరింగులన్నీ తీసి పక్కన పెట్టు, క్లీనర్‌కి ఉబ్బిపోతాయి. పైలట్ స్క్రూ తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో రాసి పెట్టుకో, పెట్టేటప్పుడు అన్నే బయటికి. దాని మీద స్ప్రింగు, చిన్న వాషరు, ఓరింగు ఉంటాయి, వాషరు చాలామంది పోగొట్టుకుంటారు.

నిజం చెప్పాలంటే పైలట్ జెట్ కొత్తది కొన్ని డాలర్లే. ఎలాగూ ఫ్లోట్ నీడిల్ ఆర్డర్ పెడుతున్నావు, అదీ కలిపి తెప్పించు. ఒరిజినల్ సైజే. సెట్లలో వచ్చే చవక జెట్ల మీద అంకె ఒకటి, రంధ్రం ఇంకోటి.

షార్జా_మేస్త్రీ
జెట్ ఒక్కటే కాదు, అది కూర్చునే చోట కార్బరేటర్ గొంతులోకి వెళ్లే సన్న దారులు ఉంటాయి, అసలు జిగురు అక్కడ దాక్కుంటుంది. పైలట్ స్క్రూ రంధ్రంలో స్ప్రే కొడితే గొంతులో సన్నటి ధార రావాలి. రాలేదంటే మళ్లీ నానబెట్టు. జెట్ మెరిసిపోతోంది గానీ బండి మారలేదు అనేవాళ్లందరి కథ ఇదే.

బిగించేటప్పుడు కార్బరేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య ఉన్న రబ్బరు బూట్ వంచి చూడు. ఇన్నేళ్ల రబ్బరు, పగుళ్లు ఉండొచ్చు. స్టార్ట్ అయ్యాక స్లోలో ఉంచి బూట్ చుట్టూ నీళ్లు సన్నగా స్ప్రే చెయ్యి. స్లో మారిందంటే అక్కడ గాలి లాగుతోంది. కార్బ్ క్లీనర్‌తో కూడా చేస్తారు కానీ, పక్కనే కాలుతున్న సైలెన్సర్ పైపు ఉంటుంది, నేను చెయ్యను.

డాలస్_కుర్రోడు
సామాను వచ్చింది, బిగించేశా. చోక్ తీసేశాక స్లోలో నిలకడగా నిలబడుతోంది! చిన్న థ్రాటిల్‌లో మిస్సింగ్ పోయింది. నీళ్ల స్ప్రేకి మార్పేమీ లేదు, బూట్ బాగుంది. కానీ బాబాయ్ గారు చెప్పినట్టే వేడి మీద స్టార్ట్ కాకపోవడం అలాగే ఉంది. బ్యాటరీ ఏమోనని మీటర్ పెట్టి చూశా, ఊరికే ఉన్నప్పుడు 12.6, సెల్ఫ్ తిప్పేటప్పుడు 10.8 దాకా పడుతోంది, రేస్ చేస్తే 14కి పైన. ఎవరో కంప్రెషన్ టెస్ట్ చెయ్యమన్నారు, గేజి తక్కువ చూపించింది. ఇంజిన్ బోర్ పోయిందా? టెన్షన్‌గా ఉంది.

పాతబండి_బాబాయ్
బ్యాటరీకి ఢోకా లేదు. కంప్రెషన్ గేజి చూసి భయపడకు, ఈ ఇంజిన్‌లో సెల్ఫ్ తేలిగ్గా తిరగడానికి ఆటోమేటిక్ డీకంప్రెసర్ ఉంటుంది, తిప్పేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వుని కాస్త ఎత్తి పెడుతుంది. అందుకే గేజి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. దాన్ని చూసి బోర్ చేయించినవాళ్లు ఉన్నారు, పాపం. నీ బండి నీలం పొగ కొట్టట్లేదు, పూర్తి థ్రాటిల్‌లో లాగుతోంది. ముందు ట్యాపెట్లు చూడు.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా నిలబెట్టి పొద్దున చెయ్యి. సీటు, ట్యాంకు తీసేయ్. ప్లగ్గు ఊడదీస్తే తిప్పడం తేలిక, ఊడదీసేముందు ప్లగ్గు చుట్టూ గాలి కొట్టు, లేకపోతే ఇసుక నేరుగా సిలిండర్‌లోకి. ఎడమవైపు కవరు మీద రెండు మూతలు ఉంటాయి, పెద్ద దాంట్లోంచి క్రాంకు తిప్పాలి, చిన్న దాంట్లోంచి గుర్తు చూడాలి. ఇంగ్లిష్ 'T' అక్షరం గుర్తు గీతకి ఎదురుగా రావాలి, ఆ చోట రాకర్లు నాలుగూ కాస్త ఆడాలి. ఆడలేదంటే అది కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఇంకో చుట్టు తిప్పు. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకు, మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పుకుని రా. వెనక్కి తిప్పితే డీకంప్రెసర్ అడ్డుపడి కొలత తప్పు చూపిస్తుంది.

ఇన్‌టేక్ 0.10 మి.మీ., ఎగ్జాస్ట్ 0.12. ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఇనుప పత్తీ) సందులో పెడితే కాస్త పట్టి లాగినట్టు జారాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. అందరూ తప్పేది ఇక్కడే.

జెట్_కిట్
ట్యాపెట్ శబ్దం ఏమీ రావట్లేదు కదా, బాగానే ఉన్నట్టు కాదా?

షార్జా_మేస్త్రీ
శబ్దం వస్తే మంచిది తమ్ముడూ, సందు ఉందని అర్థం. అసలు శబ్దమే లేని బండిని చూస్తేనే నాకు భయం. ఇసుకలో నడిచే బండ్లలో సన్నటి దుమ్ము ఫిల్టర్ దాటి వాల్వు సీటు అరగదీస్తుంది, వాల్వు పైకి జరుగుతుంది, సందు తగ్గిపోతూ వస్తుంది. ఇక్కడ షార్జాలో అల్ బదాయెర్ ఇసుక దిబ్బల దగ్గర అద్దెకి తిప్పే రాప్టర్ 700లు చూస్తుంటా. ఫిల్టర్ రోజూ కడిగి ఆయిల్ పట్టించేవాడి ఇంజిన్ ఏళ్లు నడుస్తుంది, ఊరికే దులిపి పెట్టేవాడిది ఒక చలికాలం సీజన్ దాటదు. ఇక్కడ టూరిస్టులు వచ్చేది చలికాలంలోనే కదా.

డాలస్_కుర్రోడు
ఎగ్జాస్ట్ రెండూ సరిగ్గా ఉన్నాయి. ఇన్‌టేక్‌లో ఒకటి కాస్త బిగుతు, రెండోదాంట్లో 0.05 పత్తీ కూడా దూరలేదు! రెండూ 0.10కి పెట్టా. ఇందాక ఇంటి వెనక గట్టిగా తిప్పి, బాగా వేడెక్కించి, ఆపి, వెంటనే సెల్ఫ్ నొక్కా. ఒక్క దెబ్బకి అందుకుంది. మళ్లీ మళ్లీ ఆపి స్టార్ట్ చేస్తుంటే మా ఆవిడ బయటికొచ్చి పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు అంది.

మిగిలింది చిన్న టపటపలు. తగ్గాయి, పూర్తిగా పోలేదు. సైలెన్సర్ జాయింటు దగ్గర బాబాయ్ చెప్పిన బుస్ శబ్దం లేదు.

జెట్_కిట్
చెప్పానా! పైలట్ ఒక సైజు.

పాతబండి_బాబాయ్
ఇప్పుడు నువ్వు చెప్పింది న్యాయమే, ఒప్పుకుంటున్నా. మూత లేదు, సైలెన్సర్ వేరేది, మిగతావన్నీ సరిచూసుకున్నాం, ఇప్పుడు జెట్ మాట మాట్లాడొచ్చు. కానీ నేనైతే ముందు మూత తిరిగి పెట్టి చూస్తా. పాత మూత దొరక్కపోతే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. పోయేది కాస్త పికప్, మిగిలేది ఇంజిన్. వెళ్లేది ఇసుక దిబ్బల్లోకి కదా.

జెట్_కిట్
ఇసుకలోకే మూత తీసేసి వెళ్తారు అందరూ, పవర్ కావాల్సింది అక్కడేగా. ఫిల్టర్ మీద దుమ్ము ఆపే గుడ్డ తొడుగు వేస్తే సరిపోతుంది.

షార్జా_మేస్త్రీ
తొడుగు వేసి, రోజూ కడిగితే సరే. కడగడానికి బద్ధకం ఉన్నవాడు మూత పెట్టుకోవాలి. ఫోమ్ ఫిల్టర్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, జిగురు అతుకులు ఊడిపోతాయి, ఫిల్టర్ క్లీనర్‌తోనో గిన్నెల సబ్బుతోనో కడిగి, పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పోసి చేత్తో పిసికి అంతటా పట్టించాలి. మెలిపెట్టి పిండకూడదు. అంచు బాక్స్‌కి ఆనే చోట సన్నగా గ్రీజు రాయి. ఎక్కువ దుమ్ము దూరేది ఫిల్టర్‌లోంచి కాదు, అంచు పక్కనుంచే. ఫిల్టర్ తీశాక బూట్ లోపల వేలు పెట్టి తుడువు, వేలికి గరుకు తగిలితే ఇంజిన్ ఇప్పటికే ఇసుక తింటోందని తెలుసుకో.

డాలస్_కుర్రోడు
మూత ఒకటి దొరికింది, పెట్టేశా. టపటపలు దాదాపు పోయాయి, పైలట్ స్క్రూ కాస్త బయటికి తిప్పితే మిగిలినవీ పోయాయి. జెట్_కిట్ అన్నా, కోపం తెచ్చుకోకు, నీ కిట్ ఇంకోసారి కొంటా. వెళ్లేముందు ఇంకేం చూసుకోవాలి? ముందు చక్రాలు స్పీడులో కాస్త వణుకుతున్నాయి.

పాతబండి_బాబాయ్
ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడిందంటే వీల్ బేరింగో, బాల్ జాయింటో. ఎవరితోనైనా ఊపించి నువ్వు జాయింటు మీద వేలు పెట్టి చూస్తే ఏదో తెలిసిపోతుంది. పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్‌లు తెలుస్తాయి. వెనక కూడా అంతే, చక్రం పట్టుకుని పైకీ కిందికీ నెట్టు, ఆడితే వెనక యాక్సిల్‌ని పట్టుకునే క్యారియర్ బేరింగులు పోయినట్టు. గాలి పీడనం కూడా చూడు, ఈ టైర్లకి నాలుగైదు పీఎస్ఐ మించకూడదు, కార్లకి వాడే గేజి అంత తక్కువ సరిగ్గా చూపించదు, తక్కువ కొలిచే గేజి వేరే కొనాలి. ఎడమ కుడి తేడా ఉన్నా బండి ఒక పక్కకి లాగుతుంది.

చెయిన్ కూర్చుని కొలువు. అంటే ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి లూజు చూడు. స్వింగ్ ఆర్మ్ కదిలేకొద్దీ చెయిన్ బిగుస్తుంది, ఖాళీ బండిలో సరిగ్గా ఉన్నది మనిషి కూర్చుంటే తీగలా లాగుకుపోయి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగుని తినేస్తుంది. ఇసుకలో ప్యాడిల్ టైర్లు (తెడ్ల లాంటి పట్టీలున్నవి) వేస్తే ఇంకా ఎక్కువ.

షార్జా_మేస్త్రీ
చెయిన్‌కి జిగటగా ఉండే స్ప్రే కొట్టి ఇసుకలోకి పోకు, చెయిన్ ఆకురాయి అయిపోతుంది. ఎండిపోయే రకం కొట్టు, లేదా తుడిచి ఊరికే వదిలేయ్. నీ బండి గాలితో చల్లబడేది, దిబ్బల్లో మొదటి గేరులో గంటలకొద్దీ గింజుకోకు, మధ్యలో కాస్త ఆగు, నిలబడి స్లోలో ఉంచడం కూడా మంచిది కాదు, ఆపేయ్. ఆయిల్ కూలర్ రెక్కల్లో మట్టి ఉంటే కడుగు. విప్ జెండా (పొడుగు కడ్డీకి కట్టే జెండా) పెట్టుకో, దిబ్బ అవతలివైపు నుంచి వచ్చేవాడికి నువ్వు కనపడాలి. సామానులో ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా, చెయిన్ లింకు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు, టో స్ట్రాప్.

డాలస్_కుర్రోడు
పైనా కిందా ఊపితే కుడివైపు ముందు చక్రం ఆడుతోంది, బాల్ జాయింటు గట్టిగానే ఉంది. వీల్ బేరింగు, సీలు ఆర్డర్ పెట్టా, గురువారం వస్తాయట. లోపలి బేరింగు తీయడానికి పుల్లర్ తప్పనిసరా?

షార్జా_మేస్త్రీ
పుల్లర్ అక్కర్లేదు. రెండు బేరింగుల మధ్య గొట్టం ఉంటుంది, దాన్ని ఒక పక్కకి నెట్టి, సందులోంచి పొడుగు డ్రిఫ్ట్‌తో (ఇనుప కడ్డీతో) అటూ ఇటూ మార్చి కొడితే బయటికి వస్తుంది. కొత్తది కొట్టేటప్పుడు బయటి రింగు మీదే కొట్టు, పాత బేరింగునో సరిపోయే సాకెట్‌నో అడ్డం పెట్టుకుని. ఫ్రీజర్‌లో రాత్రి పెడితే ఇంకా తేలిగ్గా దిగుతుంది, ఇంట్లో అడిగి పెట్టు. మధ్య గొట్టం పెట్టడం మర్చిపోకు. యాక్సిల్ నట్‌కి పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడొద్దు, కొత్తది వెయ్యి.